మా చెల్లెలి రంగు తేల్చిన ఫిబ్రవరి

మా చెల్లెలు తైలానే నల్లదా తెల్లదా అన్న ప్రశ్న పద్దెనిమిదేళ్ల పాటు మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అది తెల్లది, నేను నల్లదాన్ని, అంతే. ఒకే అమ్మకీ నాన్నకీ ఆరేళ్ల తేడాలో పుట్టాం. అది పుట్టినప్పుడు అమ్మమ్మ లాటరీ తగిలినట్టు దాన్ని ఎత్తుకుని, సాల్వడోర్‌లో మా కొండ మీది మెట్ల వీధులన్నీ తిప్పి చూపించిందట. నేను పుట్టినప్పుడు మాత్రం ముక్కు సన్నబడాలని బట్టలారేసే క్లిప్పు పెట్టింది. ముక్కు సన్నబడలేదు గాని నోటితో ఊపిరి పీల్చే అలవాటు నాకు మిగిలిపోయింది.

అలాంటి పిల్ల, ఆ ఏడాది ఫిబ్రవరిలో, తాను తెల్లది కాదని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

జనవరి చివర్లో దానికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువుకి సీటొచ్చింది. మామూలు జాబితాలో కాదు. ప్రభుత్వ బడిలో చదివిన నల్లవాళ్లకీ, కలిసిన రంగు వాళ్లకీ విడిగా ఉంచిన సీట్లలో. దరఖాస్తులో రంగు గడి దగ్గర తైలానే 'పార్దా' అని పెట్టింది. పార్దా అంటే తెలుపూ కాదు, నలుపూ కాదు, రెండూ కలిసినది. మా ఊళ్లో సగం మంది అదే. అందులో అబద్ధమూ లేదు. బస్సు నడిపే మా నాన్న ఎదివాల్దు నిగనిగలాడే నలుపు, అమ్మ గోధుమ రంగు. కానీ గడిలో టిక్కు పెడితే సరిపోదు. ఐదుగురు సభ్యుల కమిటీ ముందు నిలబడాలి. తాతలెవరు, ముత్తవ్వలెవరు అని వాళ్లు అడగరు. నీ చర్మం, జుట్టు, ముక్కు, పెదవులు చూస్తారు. వీధిలో పోయేవాడు నిన్ను చూసి ఏమనుకుంటాడో అదే వాళ్లకి కావాలి.

ఆ కమిటీ ఊరికే పుట్టలేదు. అంతకుముందు కలవారి పిల్లలు వారం రోజులు ఎండలో పడుకుని వచ్చి, మేమూ పార్దాలమేనంటూ ఆ సీట్లు తన్నుకుపోయారు. అందుకే కమిటీని నేను తప్పుపట్టను. తప్పుపట్టాల్సి వస్తే మా అమ్మని పట్టాలి.

మా అమ్మ వల్దెలీసికి ఇంటి ముందు గదిలోనే పార్లరు. జుట్టు సాపు చెయ్యడంలో మా కొండ మీద ఆమెని మించినవాళ్లు లేరు. పెళ్లయినా, బాప్తిస్మమైనా, కోర్టు వాయిదా అయినా ఆడవాళ్లు ముందు మా గుమ్మమే ఎక్కుతారు. పదహారో ఏట బడి మాన్పించి నన్ను ఆ గదిలో నిలబెట్టారు. అమ్మకి ఇంకో జత చేతులు కావాలి, తైలానేకి పుస్తకాల ముందు కూర్చునే తీరిక కావాలి. ఆ రెండూ నాలో దొరికాయి. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను పనమ్మాయి అనుకునేవారు, తైలానేని ఓనరు కూతురనుకునేవారు. అమ్మ ఎప్పుడూ దిద్దలేదు. ఒకసారి అడిగితే, "వచ్చి పోయేవాళ్లకి మన వంశమంతా ఏకరువు పెట్టాలా" అంది.

కమిటీ ముందుకు వెళ్లాల్సింది ఉదయం తొమ్మిదింటికి. నేను పొద్దున్నే లేచి రొట్టెలకి వెళ్లాను. వరస పెద్దగా ఉంది. అరగంట తర్వాత తిరిగొస్తుంటే మెట్ల దగ్గరికే కాలుతున్న జుట్టు వాసన తగిలింది. గదిలోకి అడుగు పెట్టేసరికి తైలానే కుర్చీలో కూర్చుని ఉంది. దాని జుట్టు ఒక్క వంక లేకుండా నడుము దాకా జారుతోంది. మొహానికి అసలు రంగు కంటే ఒక మెట్టు తెల్లటి పౌడరు. పెదవులు సన్నగా కనబడేలా లేత రంగు. అమ్మ ఇంకా చేతిలో స్ట్రెయిటనర్ పట్టుకుని, చివర్లు సరిచూస్తోంది.

"అమ్మా, ఏం చేశావే" అన్నాను.

"ఏం చేశాను? పిల్లని తయారు చేశాను."

"అది తెల్లది కాదని చూపించుకోడానికి వెళ్తోంది."

"వెళ్తే? పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూర్చునే చోటికి చింపిరి తలతో పంపమంటావా? రేపు నా పార్లరు మొహం ఎవరైనా చూస్తారా?"

తైలానే అద్దంలోంచి నన్ను చూసింది. దానికి అప్పుడే అర్థమవుతున్నట్టుంది. "కూర్చోమంటే కూర్చున్నానక్కా. ఎప్పుడూ కూర్చుంటానుగా" అంది.

నిజమే. ఏడో ఏటి నుంచీ ముఖ్యమైన రోజంటే అది ఆ కుర్చీలో కూర్చోవడం, అమ్మ కాల్చడం. అమ్మ బుర్ర పనిచెయ్యకపోయినా చేతులు పనిచేస్తాయి. తల కడిగేద్దామన్నాను. కడిగినా లాభం లేదు. అన్నేళ్లు క్రీములు పట్టించిన జుట్టు అది. దాని అసలు రూపం ఏమిటో కన్న తల్లికి కూడా తెలియదు.

ఇది చాలదన్నట్టు, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు మా అమ్మమ్మ దమియానా ఒక పటాన్ని తువ్వాలులో చుట్టుకుని బయలుదేరింది. అది ఆమె నాయనమ్మ ఫొటో. చెరకు తోటలో బానిసలకి పుట్టిన మనిషి, కాటుక రంగు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పటం బీరువా వెనక గోడవైపు తిరిగి ఉండేది. ఆ రోజు దుమ్ము దులిపి బయటికి తీశారు. విశ్వవిద్యాలయం గుమ్మంలో ఒకావిడ, లోపలికి అభ్యర్థి ఒక్కరే రావాలి, ఫొటోలు చూడరు అని మర్యాదగానే చెప్పింది. "ఇన్నాళ్లూ దాచుకున్నాం, చూపించనిస్తేనేమమ్మా" అని అమ్మమ్మ ఆవిడతో పావుగంట వాదించింది. ఈలోపల తైలానే లోపలికి వెళ్లడం, బయటికి రావడం కూడా అయిపోయింది. ఏమీ అడగలేదట. కెమెరా ముందు పేరు చెప్పి, పార్దానని చెప్పమన్నారట. చెప్పిందట. చూశారట. వెళ్లమన్నారట.

రెండో రోజున జవాబు వచ్చింది. ఒక్క వాక్యం. చెప్పుకున్న రంగుకి తగిన లక్షణాలు కనబడలేదు.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ వాక్యం చదివినప్పుడు ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. తైలానే కోసం వదులుకున్నవన్నీ ఆ ఒక్క క్షణంలో తూకానికి వచ్చినట్టనిపించింది. వెంటనే అది ఏడుపు మొదలుపెట్టింది, నాకు నామీదే కోపం వచ్చింది. పదకొండు నెలలు పొద్దున్నే నాలుగింటికి లేచి చదివిన పిల్ల అది. దాని కాఫీ కలిపింది నేనే.

అప్పీలు చేసుకుంటే కార్నివాల్‌కి ముందు బుధవారం ఇంకో ఐదుగురు చూస్తారన్నారు. ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న బస్సు డ్యూటీ నుంచి వచ్చి, "ఇందులో రగడేముంది? మనమంతా మొరేనాలమే కదా" అన్నాడు. నాన్న లెక్కలో బొగ్గు నుంచి బియ్యప్పిండి దాకా అందరూ మొరేనాలే. ఎవరి మనసునీ నొప్పించని మాట, ఏ దరఖాస్తుకీ పనికిరాని మాట.

తైలానే ఆయన మీద విరుచుకుపడింది. "మరి మావయ్య దగ్గరికి దక్షిణాదికి వెళ్లినప్పుడో? అక్కడంతా తెల్లవాళ్లే. ఆ భవనం కాపలావాడు నన్ను పనివాళ్ల లిఫ్టులో పొమ్మన్నాడు. అక్కడి పిల్లలు నన్ను రెండు నెలలు నల్లపిల్లా, నల్లపిల్లా అనే పిలిచారు. ఇక్కడేమో తెల్లదాన్నంటారు. రెండున్నర రోజులు బస్సులో కూర్చుంటే మనిషి రంగు మారిపోతుందా నాన్నా?"

"రోడ్డును బట్టి ఉంటుందమ్మా" అన్నాడు నాన్న. ఆయన వేళాకోళానికి అనలేదు. ఆయనకి తెలిసిన జవాబు అదొక్కటే. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పక్కింటి క్రెమిల్దా పిన్ని సముద్రం ఒడ్డున పడుకోబెట్టమని సలహా ఇచ్చింది. కమిటీ ఎవరి కోసం పుట్టిందో ఆ కలవారి పిల్లలు చేసిన పనే అది అని మొత్తుకున్నాను. వినేదెవరు. రెండు రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడుకోబెట్టారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు పిల్ల ఉడికించిన రొయ్యలా ఎర్రబడి, మూడో రోజుకి భుజాలు పొలుసులు లేచాయి. అమ్మమ్మ కలబంద గుజ్జు రాస్తూ, "పన్నెండేళ్లు వచ్చేదాకా దీన్ని కాఫీ కూడా తాగనివ్వలేదు, రంగు తగ్గుతుందని. ఇప్పుడు నలుపు కావాలంటే రాదేం" అని సముద్రం మీద విసుక్కుంది.

మిగిలింది జుట్టు. సాపు చేసిన జుట్టుని వెనక్కి తిప్పే మందు లేదు. కొత్తగా కుదుళ్ల దగ్గర పెరిగిన రెండు వేళ్ల మేర ఉంచి, మిగిలిందంతా కత్తిరించాలి. కత్తెర నేను తీసుకున్నాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"నేను పెంచిన జుట్టు. నేనే తీస్తాను."

మొదటి పాయ నేల మీద పడింది. అమ్మ కత్తిరిస్తూ కత్తిరిస్తూ దగ్గరగా చుట్టుకున్న చిన్న ఉంగరాల దగ్గరికి వచ్చింది. వేలితో ఒక ఉంగరాన్ని లాగి వదిలింది. అది మళ్లీ చుట్టుకుపోయింది. ఇంకోసారి లాగింది.

"ఇదీ నిల్మార జుట్టే" అంది, నన్ను చూడకుండా.

నిల్మార నేనే. తైలానే అద్దంలో తలని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. పొడుగు జుట్టు పోయేసరికి దవడలు, పెదవులు, చెవులు అన్నీ బయటికి వచ్చాయి. అద్దంలో పక్కపక్కన మేమిద్దరం ఉన్నాం. ఇంట్లో అందరూ అటే చూస్తున్నారు. అమ్మమ్మ మాత్రం చీపురు తెచ్చి, ఆ నడుము దాకా ఉన్న జుట్టుని ఊడ్చి పారెయ్యకుండా కాగితంలో చుట్టి బీరువా వెనక పెట్టింది. పటం బయటికి వచ్చాక అక్కడ చోటు ఖాళీ అయింది మరి.

మర్నాడు కలబంద అయిపోతే ఇద్దరం కింది వీధిలో పెద్ద మందుల కొట్టుకి వెళ్లాం. అలాంటి కొట్లలో కాపలావాడు నా వెనకాలే తిరగడం నాకు పదకొండో ఏటి నుంచీ అలవాటు. తైలానేతో వెళ్తే తిరగడు. అది రెండడుగులు ముందు నడుస్తుంది, నేను దాని సంచి మోసే మనిషినని అనుకుంటాడు. ఆ రోజు మేం సబ్బుల వరసలోకి వెళ్తే సబ్బుల వరసలోకి, నూనెల వరసలోకి వెళ్తే నూనెల వరసలోకి వచ్చాడు. తైలానే నన్ను వదిలి ఒక్కతే చివరి వరసలోకి వెళ్లింది. వాడు నన్ను వదిలేసి దాని వెనకాల వెళ్లాడు.

బయటికి వచ్చాక దాని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, వాడు నా వెనకాలే వచ్చాడు. నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. కొట్లోకి వెళ్లావు."

"నీకు రోజూ ఇంతేనా?"

"ఆదివారం కొట్టు మూసేస్తారు."

మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చాక ఆగి, కళ్లు తుడుచుకుని, "వాణ్ని బుధవారం కమిటీకి సాక్షిగా తీసుకెళ్దామా" అంది. ఇద్దరం ఆ మెట్ల మీదే కూలబడి నవ్వాం. ఆ నవ్వులో కొంత ఏడుపు కూడా ఉంది. తైలానే మాత్రం ఆ తర్వాత నాకు రెండడుగులు ముందు నడవడం మానేసింది.

బుధవారం అది పౌడరు లేకుండా, పటం లేకుండా, అమ్మ కూడా లేకుండా వెళ్లింది. నేను గేటు బయట ఉన్నాను. రెండో కమిటీ ఇంకాస్త ఎక్కువసేపు చూసిందట. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడట. ఆ ఐదుగురిలో ఒకావిడది అచ్చం మా అమ్మ రంగని, ఆవిడ తన కళ్లలోకి చూడలేకపోయిందని తైలానే చెప్పింది. ఫలితం ఎప్పుడని అడిగితే కార్నివాల్ అయ్యాక అన్నారు. మా ఊళ్లో కార్నివాల్ అంటే ఆఫీసులు, బ్యాంకులు, కమిటీలు, అన్నీ బంద్. పండగ ముగిసే బూడిద బుధవారం మధ్యాహ్నం దాకా ఎవడూ సంతకం పెట్టడు. ఊరంతా డప్పులు మోగిస్తూ గెంతుతుంటే మేం తలుపులు బిగించుకుని కూర్చున్నాం. ప్రపంచంలో ఇంకే ఊళ్లోనైనా ఒక పిల్ల రంగు ఏమిటో తేలకుండా ఏడు రోజులు నాట్యానికి సెలవిస్తారా అని నాకు ఒళ్లు మండిపోయింది.

బూడిద బుధవారం పన్నెండు దాటాక జాబితా పెట్టారు. తైలానే ఫోనులో చదివి, ఫోనుని బోర్లించి బల్ల మీద పెట్టింది. మళ్లీ అదే వాక్యం. ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. ఆ పైన అప్పీలు లేదు.

వాళ్ల తప్పని ఇప్పటికీ అనలేను. వాళ్ల కుర్చీలో నేను కూర్చుంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. సబ్బుల వరసలో మందుల కొట్టు కాపలావాడికి ఒక్క నిమిషంలో తేలిన సంగతి, పదిమంది చదువుకున్నవాళ్లకి రెండు విడతల్లో తేలలేదు. వాడు తేల్చింది తప్పో వీళ్లు తేల్చింది తప్పో తెలియదు గాని, రెండూ ఒకే మొహం మీద ఒకే నెలలో జరిగాయి.

అమ్మ పార్లరులోకి వెళ్లి ఖాళీ కుర్చీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తోంది. నాన్న, మామూలు జాబితాలో ఇంకో ఏడాది రాద్దువు గానిలే అని ఏదో గొణిగాడు. అప్పుడు అమ్మమ్మ నా వైపు చూసి పెద్దగా నిట్టూర్చింది.

"మొహం దీనికిచ్చాడు, మార్కులు దానికిచ్చాడు. దేవుడు రెండూ ఒక్కచోట పెట్టకపోయె."

ఆమె చెడ్డగా అనలేదు. నిజంగా బాధపడే అంది. ఇరవై నాలుగేళ్లలో నా మొహం ఎందుకైనా పనికొస్తుందని ఆ ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదటిసారి. అది కూడా దండగైపోయిందని.

"నాకూ మార్కులుండేవి" అన్నాను.

గట్టిగా అనలేదు. కానీ అందరూ ఆగిపోయారు. నేను ఆపలేకపోయాను. "లెక్కల్లో క్లాసులో నేనే ఫస్టు. బడి మాన్పించిన రోజు టీచరమ్మ మన ఇంటికి వచ్చింది. మీరు కాఫీ ఇచ్చి పంపించేశారు. ఎవరికైనా గుర్తుందా?"

అమ్మమ్మ పటం వైపు చూసింది. అమ్మ చేతిలో గుడ్డ కుర్చీ మీదే ఉండిపోయింది. తైలానే లేచి లోపలికి వెళ్లింది. అలిగిందనుకున్నాను. రెండు చేతులా తన పుస్తకాల దొంతర మోసుకొచ్చి, దువ్వెనలూ క్లిప్పులూ పక్కకి నెట్టి, పార్లరు బల్ల మీద నా ముందు పెట్టింది. ఇద్దరం కలిసి రాద్దాం అక్కా అని గాని, ఇంకోటి గాని ఏమీ అనలేదు. నాకు కోపం రావాలో ఏం రావాలో తెలియలేదు. ఇరవై నాలుగేళ్లొచ్చాక ఇప్పుడా, నీ జాలి నాకెందుకు అని నోటిదాకా వచ్చింది. పై పుస్తకం తీసి చూశాను. లెక్కలది. అట్ట మీద నేను కలిపిన కాఫీ కప్పు మరక ఉంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒకావిడ నిలబడింది. కింది వీధి మనిషి, ఇంతకుముందు ఒకసారి వచ్చినట్టు గుర్తు. సాయంత్రం చర్చిలో నుదుట బూడిద పెట్టించుకోవాలట, ఈలోపు తల బాగుచేయించుకోవాలట. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీ ఓనరమ్మ ఉందా? ఆవిడ కూతురైనా ఫరవాలేదు, ఆ పొడుగు జుట్టు పిల్ల. నువ్వు కొత్తగా చేరావా?" అని తైలానేని అడిగింది.

తైలానే తన కురచ జుట్టు తడుముకుంది. నేను ఎప్పట్లాగే కుర్చీ ముందుకి లాగబోయాను. అమ్మ గుడ్డ కింద పెట్టి ముందుకి వచ్చింది.

"ఇద్దరూ నా కూతుళ్లే" అంది. "ఇది చిన్నది, తైలానే. ఇది పెద్దది. నిల్మార."

నా పేరు చివర చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసింది. తడి చెయ్యి. గౌను మీద ముద్ర పడింది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆమెకి ఇన్నేళ్లు పట్టింది. నాకు ఒళ్లు మండాల్సింది, మండలేదు. కళ్లు మండాయి.

ఆవిడ కుర్చీలో కూర్చుంటూ మమ్మల్ని ఇంకోసారి చూసి, "అవునవును, అచ్చం ఒకేలా ఉన్నారు" అంది మామూలుగా.

తైలానే నా వైపు చూసింది. నేను పుస్తకం మూసి పక్కన పెట్టి, స్ట్రెయిటనర్ ప్లగ్గులో పెట్టి, ఆవిడ మెడ చుట్టూ గుడ్డ కట్టాను.

"జుట్టు ఎంత సాపుగా కావాలండీ?" అని అడిగాను.

"పూర్తిగా" అంది.